చలనచిత్రంలో రంగు మార్చే విద్య

కంటితో చూచినదీ నిజం కాదు, చెవితో విన్నదీ నిజం కాదు, నిదానించి తెలుసుకున్నదే నిజమని పెద్దలు చెబుతూ వచ్చారు. ఈ మాట ఏ కాలానికైనా పనికివచ్చేదే గాని, దృశ్యమే సాక్ష్యంగా చెల్లుతున్న నేటి కాలంలో దీనికి కొత్త అర్థం ఏర్పడినది. 1957లో తెలుపు నలుపులలో విడుదలైన ‘మాయాబజార్’ చిత్రాన్ని తెలుగు ప్రేక్షకులు 2010లో రంగులలో చూచారు. నటులు వారే, సంభాషణలు అవే, వెలుగునీడలు అవే. రంగులు మాత్రం కొత్తవి. అంత పెద్ద పనికి అప్పుడు ఒక సంస్థ కావలసి వచ్చినది. అదే జాతికి చెందిన చిన్న పనిని, అనగా వీడియోలోని ఎర్రని బండిని నీలంగా మార్చటాన్ని, ఈనాడు ఒక విద్యార్థి ఇంటిలోని కంప్యూటరుతోనే చేయగలుగుతున్నాడు. ఈ విద్య ఎట్లా నడుస్తుంది, అందులో కష్టం ఎక్కడ ఉన్నది, దానికి హద్దు ఏది అన్న మూడు విషయాలను వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

వివరణకు అనువుగా మన పరిసరాలనుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. శామీర్‌పేట చెరువు కట్టమీద ఎర్రని స్కూటరుపై ఒక యువకుడు వెళుతున్నాడు. ఒడ్డున నిలిచిన మిత్రుడు చేతిలోని సెల్‌ఫోనుతో పది సెకన్ల దృశ్యం తీశాడు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున అందులో 250 నిశ్చల చిత్రాలు ఉంటాయి. స్కూటరు వెనుక చెట్లు, నీళ్ళు, కట్టమీద కూర్చున్న మనుషులు ఉన్నారు. వారిలో ఒకరు ఎర్రని చొక్కా ధరించారు. స్కూటరు నీలంగా మారాలి. చొక్కా ఎర్రగానే ఉండాలి. ఇదీ మన ముందున్న సమస్య.

రంగు అంటే మూడు అంకెలు

కంప్యూటరు దృష్టిలో చిత్రమంటే చిన్న చిన్న చుక్కల సముదాయం. ఒక్కొక్క చుక్కను పిక్సెలు అంటారు. సాధారణ పద్ధతిలో ప్రతి పిక్సెలుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు ఉంటాయి. ఒక్కొక్క అంకె 0 నుంచి 255 వరకు ఉండవచ్చును. ఈ మూడింటి కలయికలు మొత్తం 1,67,77,216. ఎండ తగిలిన స్కూటరు భాగం 200, 30, 30 అనుకుందాం. అదే స్కూటరులో నీడపడిన భాగం 80, 12, 12 అవుతుంది. రెండూ ఒకే రంగు పూతే. వెలుతురు మాత్రమే వేరు.

కొత్తగా ఈ పనికి పూనుకొన్నవారికి మొదట తోచే ఉపాయం స్కూటరు అంతటా ఒకే నీలాన్ని నింపటం. అట్లా చేస్తే ఎండా నీడా రెండూ చెరిగిపోయి, స్కూటరు రంగు కాగితం కత్తిరించి అతికించినట్లు కనబడుతుంది. కావున రంగును మరొక విధంగా విడదీయవలసి ఉన్నది. ఏ రంగు అన్నది ఒకటి, అది ఎంత గాఢంగా ఉన్నదన్నది రెండవది, ఎంత కాంతివంతంగా ఉన్నదన్నది మూడవది. వీటిని వర్ణం, గాఢత, కాంతి అని పిలుచుకుందాం. ఇట్లా విడదీసే లెక్కను ఆల్వీ రే స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు 1978లో ప్రచురించాడు. ఇందులో వర్ణాలను ఒక చక్రంలో అమరుస్తారు. ఎరుపు 0 డిగ్రీల వద్ద, ఆకుపచ్చ 120 వద్ద, నీలం 240 వద్ద ఉంటాయి. వర్ణాన్ని మాత్రమే 240 డిగ్రీలు తిప్పి, మిగిలిన రెండింటినీ ముట్టకుండా వదిలితే, 200, 30, 30 అన్నది 30, 30, 200 అవుతుంది. నీడలోని 80, 12, 12 అన్నది 12, 12, 80 అవుతుంది. ఎండ ఎండగా, నీడ నీడగా నిలిచిపోతాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం గలదు. మానవనేత్రం అన్ని వర్ణాలనూ సమానంగా గ్రహించదు. టెలివిజన్ రంగంలో చాలాకాలంగా వాడుతున్న ఒక కొలత ప్రకారం వెలుతురు భావంలో ఎరుపు వాటా 0.299, ఆకుపచ్చ వాటా 0.587, నీలం వాటా 0.114 మాత్రమే. ఈ లెక్కన మన ఎర్రని పిక్సెలు వెలుతురు 81, దానినుంచి వచ్చిన నీలపు పిక్సెలు వెలుతురు 49. అనగా కంప్యూటరు లెక్కలో కాంతి మారకపోయినా, కంటికి స్కూటరు చీకటిపడినట్లు తోస్తుంది. దానిని 60, 60, 240 దాకా లేపితే వెలుతురు తిరిగి 81కి చేరుతుంది. అప్పుడే అది అదే ఎండలో నిలిచిన నీలపు స్కూటరుగా కంటికి ఆనుతుంది.

తెల్లని, నల్లని వస్తువుల విషయం వేరు. వాటికి గాఢత లేదు గనుక తిప్పటానికి వర్ణమే ఉండదు. తెల్లని కారుకు రంగు వేయాలంటే కొత్త వర్ణంతో దాని కాంతిని గుణించి తగ్గించాలి. నల్లని వస్తువులో నీడల వివరం దాదాపు ఉండదు గనుక దానిని పసుపుగా మార్చటం అన్నిటికన్న కష్టం. ఏ వస్తువు రంగు మార్చదలచుకొన్నామో ముందే తెలిస్తే, చిత్రీకరణకు ముందే దానికి మధ్యస్థమైన రంగు ఎంచుకోవటం తెలివైన పని.

మాస్కు అనగానేమి?

ఎర్రని పిక్సెళ్ళన్నిటినీ నీలంగా మార్చమని కంప్యూటరును ఆజ్ఞాపిస్తే అది చొక్కానూ, ఇటుకలనూ, పెదవులనూ కూడా నీలంగా మార్చుతుంది. దానికి రంగు తెలుసును గాని వస్తువు తెలియదు. ఎక్కడ మార్చాలో చెప్పటానికి మాస్కు అవసరం.

ఈ భావం మనకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నీలిమందు అంటరాని చోట్ల బట్టకు మైనం పూస్తారు. మైనం ఉన్నచోట రంగు ఆగిపోతుంది, లేనిచోట ఇంకుతుంది. మాస్కు కూడా అట్టిదే. అది చిత్రమంత పరిమాణం గల మరొక తెలుపు నలుపు చిత్రం. తెల్లని చోట మార్పు పూర్తిగా జరుగుతుంది. నల్లని చోట అసలు జరగదు. బూడిదరంగు చోట పాక్షికంగా జరుగుతుంది. గణితభాషలో చెప్పాలంటే, మాస్కు విలువ సగమైతే కొత్త రంగులో సగం, పాత రంగులో సగం కలుపుతారు. ఇట్లా చిత్రాలను ఒకదానిపై ఒకటి కలిపే నియమాలను 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు ఒక క్రమంలో పెట్టారు.

అంచు ఈ పనిలో ఆయువుపట్టు. కదిలే స్కూటరు అంచు నిజమైన ఛాయాచిత్రంలో కత్తి కోసినట్లు ఉండదు; వేగాన్ని బట్టి కొంత అలుక్కుపోయి ఉంటుంది. మాస్కు అంచును కూడా అంతే మేరకు మెత్తబరచాలి. తక్కువ చేస్తే అతుకు కనబడుతుంది. ఎక్కువ చేస్తే వస్తువు చుట్టూ నీలపు పొగ కమ్మినట్లు ఉంటుంది. మరొక నియమం ఏమనగా, స్కూటరంతటికీ ఒకే మాస్కు గీయరాదు. ముందు మడ్‌గార్డు హ్యాండిలుతో పాటు తిరుగుతుంది. వెనుక భాగం తిరగదు. ఏ భాగాలు కలిసి కదులుతాయో వాటికి ఒక మాస్కు, వేరుగా కదిలేవాటికి వేరు మాస్కు గీయటం మంచిది. వంపు రేఖలను వీలైనంత తక్కువ బిందువులతో గీయాలి. బిందువులు పెరిగినకొద్దీ, ఒక ఫ్రేమునుంచి మరొక ఫ్రేముకు అంచు వణుకుతుంది.

కదలికను వెంబడించటం

ఒక్క నిశ్చల చిత్రమైతే పని ఇంతటితో ముగిసేది. మన ముందు 250 ఉన్నవి. ప్రతి ఫ్రేములోనూ చేతితో ఆకారాన్ని గీసే పద్ధతికి రోటోస్కోపింగ్ అని పేరు. నటుని కదలికలను తీసిన ఫిల్మును ఒక్కొక్క ఫ్రేముగా అద్దంపై ప్రసరింపజేసి, దానిపై కాగితం ఉంచి గీసే యంత్రాన్ని అమెరికాకు చెందిన కార్టూన్ చిత్రనిర్మాత మాక్స్ ఫ్లైషర్ రూపొందించాడు. దానికి 1917లో పేటెంటు లభించినది. ఈ పేరు ఆ యంత్రంనుంచి వచ్చినదే.

శ్రమ తగ్గించటానికి మొదటి ఉపాయం కీ ఫ్రేములు. ఒకటవ ఫ్రేములో ఒకసారి, ఇరవై అయిదవ ఫ్రేములో మరొకసారి మాస్కు గీస్తే, నడుమ ఉన్నవాటిని కంప్యూటరు లెక్కగట్టి పూరిస్తుంది. కాని కట్టమీది గుంతలలో స్కూటరు ఎగిరిపడుతుంది. సెల్‌ఫోను పట్టిన చేయి కూడా కదులుతుంది. సరళమైన లెక్క ఇక్కడ చాలదు. కావున ట్రాకింగ్ అవసరమవుతుంది.

ట్రాకింగ్ సూత్రం తేలికగానే బోధపడుతుంది. తిరునాళ్ళలో బిడ్డను కనిపెట్టి ఉండే తండ్రి, బిడ్డ తలపై ఉన్న టోపీని గురుతు పెట్టుకొని, క్షణక్షణమూ ఆ చుట్టుపక్కలనే చూపు నిలుపుతాడు, జాతరంతా వెతకడు. కంప్యూటరు కూడా మొదటి ఫ్రేములో మనం చూపిన చిన్న చతురస్రాన్ని గురుతుంచుకొని, తరువాతి ఫ్రేములో దాని పరిసరాలలో అటువంటి చతురస్రం ఎక్కడ ఉన్నదో వెతుకుతుంది. రెండింటి నడుమ తేడా ఎక్కడ అతి తక్కువగా ఉంటే అక్కడికే వస్తువు జరిగినదని నిర్ణయిస్తుంది. ఈ వెతుకులాటను శీఘ్రంగా చేసే పద్ధతిని 1981లో బ్రూస్ లూకాస్, తకియో కనాడే అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అది నేటికీ వాడుకలో ఉన్నది.

గురుతుగా ఎంచుకొనే బిందువుపైనే ఫలితం ఆధారపడుతుంది. నంబరు ప్లేటు మూల మంచి గురుతు. ఎటు జరిగినా తేడా తెలుస్తుంది. పొడవైన నిటారు అంచు మంచిది కాదు. దాని వెంబడి జరిగితే తేడా తెలియదు. మెరుపు పనికిరాదు, అది సూర్యుని బట్టి జరుగుతుందే గాని స్కూటరును బట్టి కాదు. ఒక్క బిందువును వెంబడిస్తే స్థానం మాత్రమే తెలుస్తుంది. రెండు బిందువులతో ఒరుగు, పరిమాణం కూడా తెలుస్తాయి. నాలుగు బిందువులతో ఒక తలం మనవైపు ఎట్లా తిరుగుతున్నదో కూడా తెలుస్తుంది.

ట్రాకింగుకు రెండు శత్రువులు ఉన్నవి. ఒకటి జారుడు. ప్రతి ఫ్రేములోనూ పిక్సెలులో పదవవంతు పొరపాటు ఒకే దిశలో జరిగినా, 250 ఫ్రేములకు మాస్కు 25 పిక్సెళ్ళు పక్కకు జరుగుతుంది. కావున నడుమ నడుమ ఆపి చేతితో సరిదిద్దాలి. రెండవది అడ్డు. స్కూటరు చెట్టు మొద్దు వెనుకకు పోగానే గురుతు మాయమై, ట్రాకరు చెట్టు బెరడునే పట్టుకొంటుంది. అప్పుడు ట్రాకింగును అక్కడ ఆపి, స్కూటరు మళ్ళీ కనబడిన చోట తిరిగి ప్రారంభించి, చెట్టుకు వేరొక మాస్కు గీసి, దానిని స్కూటరు మాస్కునుంచి తీసివేయాలి. చివరగా, నీటిలోని ప్రతిబింబాన్నీ, నడిపేవాని ప్యాంటుపై పడిన ఎర్రని ఛాయనూ మరువరాదు. స్కూటరు నీలమై నీటిలో దాని నీడ ఎర్రగా ఉంటే, చూచేవారు కారణం చెప్పలేకపోయినా ఏదో తప్పు జరిగినదని గ్రహిస్తారు.

‘మాయాబజార్’ నేర్పిన పాఠం

కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’కు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ 2007లో విజయా వారి 14 తెలుగు చిత్రాల హక్కులను సంపాదించి, వీటిలో ‘మాయాబజార్’కు రంగులద్దినది. 165 మంది ఎనిమిది నెలలు శ్రమించారనీ, దాదాపు 1,80,000 ఛాయలు వాడారనీ సంస్థవారు చెప్పారు. వర్ణచిత్రం 2010 జనవరి 30న విడుదలైనది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మూడు గంటల చిత్రానికి 2,59,200 ఫ్రేములు అవుతాయి. ఒక్కొక్క ఫ్రేములో కిరీటాలు, నగలు, చీరలు, మొగములు వేరు వేరుగా గుర్తించాలి. ఘటోత్కచుడు భుజించే దృశ్యంలో లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోటిలో పడతాయి. ఎగిరే లడ్డూ వెంట పసుపు రంగు కూడా ఎగరవలసినదే కదా!

మన స్కూటరు పనికీ దీనికీ ఒక ముఖ్యమైన భేదం గలదు. స్కూటరుకు ఇదివరకే రంగు ఉన్నది, దానిని తిప్పుతున్నాము. తెలుపు నలుపు ఫిల్ములో రంగు అసలు నమోదు కాలేదు. పైన చెప్పిన కొలత ప్రకారం 200, 30, 30 అనే ఎరుపు, 30, 117, 30 అనే ఆకుపచ్చ రెండూ 81 అనే ఒకే బూడిదరంగుగా మారిపోతాయి. కావున తెరపై కనబడే బూడిదరంగును చూచి శశిరేఖ చీర ఎరుపా ఆకుపచ్చా అని ఏ యంత్రమూ చెప్పజాలదు. అది మనుషులు ఆలోచించి చేసే నిర్ణయం. కె. ఆసిఫ్ నిర్మించిన ఉర్దూ మహాచిత్రం ‘మొఘల్-ఎ-ఆజం’ 1960లో విడుదలైనప్పుడు దానిలో కొన్ని రీళ్ళు మాత్రమే రంగులలో ఉండేవి. పూర్తి వర్ణచిత్రం 2004 నవంబరు 12న వచ్చినది. అక్కడ రంగు రీళ్ళు కొంత ఆధారం. ‘మాయాబజార్’కు అటువంటి రీళ్ళు లేవు.

ఈ పనిని మెచ్చినవారూ ఉన్నారు, తెలుపు నలుపే చాలునన్నవారూ ఉన్నారు. ఇరువురూ అంగీకరించవలసిన విషయం ఒకటి గలదు. వర్ణచిత్రంలో మనకు కనబడే నౌకావిహారపు వెన్నెల రంగులద్దినవారు సృష్టించినది కాదు. అది బార్ట్‌లీ దీపాలతో సాధించిన వెలుగు. రంగు ఆ వెలుగుపై ఆధారపడి నిలిచినది. వర్ణాన్ని మార్చేవారు వెలుగును కాపాడితేనే దృశ్యం నమ్మదగినదిగా ఉంటుంది. స్కూటరు విషయంలోనూ, మహాచిత్రం విషయంలోనూ సూత్రం ఇదే.

ఉపాధి, సాధనాలు

హైదరాబాదులో ఈ విద్య ఒక వృత్తిగా వేళ్ళూనినది. 2012లో వచ్చిన ‘ఈగ’ చిత్రానికి ప్రత్యేక ప్రభావాల విభాగంలో జాతీయ పురస్కారం లభించినది. అదే సంవత్సరపు ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రానికి పనిచేసిన అమెరికా సంస్థ రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాదులోనూ శాఖ ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ చిత్రానికి దృశ్యప్రభావాల ఆస్కారు వచ్చినది; అదే నెలలో ఆ సంస్థ దివాలా ప్రకటించినది. కీర్తి ఒకవైపు, జీతాలు మరొకవైపు ఎట్లా ఉండగలవో ఈ ఉదంతం తెలుపుతుంది.

ఈ రంగంలో అడుగుపెట్టే యువతకు సాధారణంగా మొదట దొరికే పని మాస్కులు గీయటమే. ఆ పనిలో ఇప్పుడు మార్పు వస్తున్నది. 2024లో మెటా సంస్థ విడుదల చేసిన ఒక కృత్రిమ మేధ నమూనా, వస్తువుపై ఒక్కసారి గురుతు పెడితే వీడియో పొడవునా దానిని వెంబడించి మాస్కు సిద్ధం చేస్తుంది. జుట్టు, పొగ, అలుక్కుపోయిన అంచులు మాత్రం ఇంకా మనిషి చేతినే కోరుతున్నాయి. కావున మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు కళాశాలలలో చదువుతూ ఈ వృత్తిని ఆశించే విద్యార్థులు కేవలం గీసే నేర్పుపైనే ఆధారపడరాదు. వెలుగు స్వభావం, వర్ణశాస్త్రం, కొంత గణితం అభ్యసిస్తే సాధనాలు మారినా విద్య నిలుస్తుంది. అభ్యాసానికి ధనం అడ్డు కాదు. బ్లెండర్ పూర్తిగా ఉచితం. డావిన్చీ రిజాల్వ్‌కు ఉచిత ప్రతి ఉన్నది. రెండింటిలోనూ మాస్కులూ ట్రాకింగూ ఉన్నవి.

హద్దు ఎక్కడ?

సినిమాలో చీర రంగు మారితే ఎవరికీ నష్టం లేదు; ప్రేక్షకుడు కల్పన అని తెలిసే టిక్కెట్టు కొంటాడు. కాని రహదారి ప్రమాదపు వీడియోలో సిగ్నలు దీపం ఎరుపునుంచి ఆకుపచ్చకు మారితే? పారిపోయిన కారు రంగు మారితే? గుంపులో ఒకని చేతిలోని జెండా రంగు మారితే? పద్ధతి ఒక్కటే, ఫలితం మాత్రం ఒక నిర్దోషిని చెరసాలకు పంపవచ్చును. ఒక ఊరిలో మనసులు విరిచివేయవచ్చును. నేటి యువకులు రోజూ అందుకొనే వీడియోలు అనేకం ఎవరు తీశారో, ఎవరు మార్చారో తెలియనివే గనుక ఈ ప్రశ్న మనందరిదీ.

చట్టం ఈ ప్రమాదాన్ని కొంత గుర్తించినది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సమర్పించే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను తెలపాలి. హ్యాష్ అంటే ఆ ఫైలుకు లెక్కగట్టిన వేలిముద్ర వంటిది. ఒక్క పిక్సెలు మారినా ఆ ముద్ర మారిపోతుంది. అయితే ఇది సాక్ష్యం స్వాధీనమైన తరువాత మార్పు జరగలేదని చూపగలదే గాని, అంతకు ముందు జరిగినదానిని చెప్పజాలదు.

అందువల్ల చూచేవాని వివేకమే మొదటి రక్షణ. ఈ విద్య తెలిసినవానికి ఎక్కడ చూడాలో తెలుస్తుంది. వస్తువు వేగంగా కదిలినప్పుడు అంచు వెంట పాత రంగు గీతగా మిగిలినదా? అడ్డువచ్చిన చెట్టుపై రంగు పాకినదా? నీటిలో, అద్దంలో, పక్కవాని బట్టలపై పడిన ఛాయ వస్తువు రంగుతో ఏకీభవిస్తున్నదా? నీడలో రంగు నీడగానే ఉన్నదా? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోకుండా ఏ దృశ్యాన్నీ మరొకరికి పంపకపోవటం మంచిది. ఈ పరీక్షలకు నిలిచినదంతా నిజమని కాదు. నిలవనిది మాత్రం అనుమానించదగినది.

రంగు మార్చటం నేర్చుకొన్నవారు రెండు నియమాలు పాటించటం ఉచితం. అసలు ఫైలును ఎన్నడూ చెరపక భద్రపరచాలి. మార్చిన దృశ్యాన్ని మార్చినదని చెప్పి చూపాలి. కలంకారీ బట్ట చూచినవాడు రంగు అద్దినదని తెలిసే మెచ్చుకొంటాడు. అట్లే ఈ విద్య కూడా వెల్లడి చేసినప్పుడు కళ, దాచినప్పుడు మోసం. మన విద్యార్థులు దీనిని కళగానే అభ్యసించి, మోసాన్ని పసిగట్టగల కన్ను అలవరచుకొంటే ఈ చదువు సార్థకమవుతుంది.